తిరగడం, తిరిగి రావడం

నవంబరులో రెండు రోజులు స్కార్బరో వెళ్తున్నానని ఫోన్లో చెప్తే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న "అక్కడ పనేముంది?" అని. పనేమీ లేదన్నాను. "ఎవరున్నారు?" ఎవరూ లేరన్నాను. "ఇప్పుడక్కడ వానలు కదా?" వానలే అన్నాను. కాసేపు అటునుంచి ఏమీ వినబడలేదు. తర్వాత "సరే, తడవకు" అని పెట్టేసింది.

ఇందులో మా అమ్మని అనడానికేమీ లేదు. ఆడమనిషి గడప దాటాలంటే మన ఇళ్ళల్లో ఉన్న షరతులవే. పనుండాలి, అవతల మనిషుండాలి, వేళ మంచిదయి ఉండాలి. చదువుకి వెళ్ళినా, ఉద్యోగానికి వెళ్ళినా, పెళ్ళికీ చావుకీ వెళ్ళినా నాకు ఈ మూడింట్లో కనీసం రెండు కుదురుతూ వచ్చాయి. మూడూ లేని ప్రయాణం నా ముప్ఫై నాలుగేళ్ళలో అదే మొదటిది.

పరిశోధన పనిమీద ఒక ఏడాది ఉత్తర ఇంగ్లండులో ఉన్నాను. ఆ ఏడాదిలో నాలుగైదుసార్లు సముద్రపు ఒడ్డుకి వెళ్ళాను. ఎప్పుడూ ఒకటి రెండు రాత్రులకి మించి ఉండలేదు. ఎప్పుడూ చెడ్డ వాతావరణమే. దీనికి మొదటి కారణం తాత్వికమైనదేమీ కాదు, డబ్బు. జులై, ఆగస్టుల్లో అందని గది అద్దె నవంబరు వచ్చేసరికి దిగివస్తుంది. ఫెలోషిప్ మీద బతికే మనిషికి సముద్రం చలికాలంలోనే అందుబాటులో ఉంటుంది. మిగతా కారణాలు వెళ్ళాక తెలిశాయి.

అక్కడి వానకి ఇంగ్లీషులో చాలా పేర్లున్నాయి గానీ నాకు సరిగ్గా అతికింది మన 'ముసురు' అన్న మాటే. కుండపోత కాదు. ఆకాశం, సముద్రం ఒకే బూడిదరంగులో కలిసిపోయి ఉంటాయి. తుంపర పైనుంచి పడదు, గాలితో పాటు అడ్డంగా వచ్చి మొహానికి కొడుతుంది. గొడుగు తెరిస్తే తిరగబడుతుంది. మన దగ్గర ముసురు పడితే ఇంట్లో కూర్చుంటాం. ముసురంటే పకోడీలు, ఆరని బట్టలు, కిటికీ దగ్గర కుర్చీ. ఆ కుర్చీలో కూర్చున్నదెవరో, మూకుడు ముందు నిలబడ్డదెవరో, వంటింట్లో దండెం కట్టి చంటిపిల్లల గుడ్డలు ఆరేస్తున్నదెవరో ఈ పత్రిక చదివేవాళ్ళకి విడిగా చెప్పక్కర్లేదు. ముసురులో బయటికి వెళ్ళేవాళ్ళు వెళ్ళక తప్పనివాళ్ళు. నాట్లు వేసే కూలీలు, చేపల గంప నెత్తినెత్తుకున్న ఆడవాళ్ళు. కావాలని అందులోకి వెళ్ళి, కొండ అంచున ఏడెనిమిది మైళ్ళు నడిచి, తడిసి, వణికి, దాన్ని సెలవు అని పిలవడం మనకి విడ్డూరం. బ్రిటన్‌లో మామూలు. వానకోట్లు, మోకాళ్ళదాకా బురద, ఫ్లాస్కులో టీ, చేతిలో మ్యాపుతో ముసలి దంపతులు చీకటి పడేదాకా తిరుగుతూ కనిపిస్తారు.

ఈ విడ్డూరం నాకు నచ్చింది. అలా ఎందుకు నచ్చిందో, నచ్చడానికి నాకేం హక్కుందో ఆలోచించాలనిపించి ఇది రాస్తున్నాను.

మన సామెత అందరికీ తెలిసిందే. ఆడది తిరిగి చెడుతుంది, మగాడు తిరక్క చెడతాడు. తిరగడమనే మాటకి ఇద్దరి విషయంలో రెండు తూకాలు. 'తిరుగుబోతు' మగవాడైతే భార్య ఏడుస్తుంది, ఆడదైతే ఊరు నవ్వుతుంది. ఇదే మాటలోంచి తిరిగి రావడం కూడా వచ్చింది, తిరగబడడం కూడా వచ్చింది. స్త్రీవాదులం మనం తిరగడం గురించీ, తిరగబడడం గురించీ చాలా రాశాం. మధ్యలో ఉన్న తిరిగి రావడం గురించి అంతగా రాయలేదు. దానికి మళ్ళీ వస్తాను.

ఈ సామెతకి ఇంగ్లీషు రూపాలు వెతకడం సాహిత్య విద్యార్థులకి కష్టం కాదు. 1794లో ఇరవై రెండేళ్ళ డొరతీ వర్డ్స్‌వర్త్ తన అన్న విలియంతో కలిసి లేక్ డిస్ట్రిక్ట్‌లో కాలినడకన తిరిగితే బంధువుల్లో పెద్దావిడ ఒకావిడ మందలిస్తూ ఉత్తరం రాసింది. డొరతీ జవాబులో రెండు వాదనలున్నాయి. ప్రకృతి ఇచ్చిన బలాన్ని వాడుకోవడంలో తప్పేముందనేది ఒకటి. బండి కట్టించుకోకుండా నడవడం వల్ల కనీసం ముప్ఫై షిల్లింగులు మిగిలాయనేది రెండోది. ఆనందం కోసమే నడిచానని చెప్పిన మనిషి కూడా చివరికి ఖర్చు లెక్క చూపించాల్సి వచ్చింది. నేను పైన గది అద్దె గురించి రాసిన వాక్యం మళ్ళీ చదువుకుంటే రెండువందల ముప్ఫై ఏళ్ళలో మేమెంత దూరం వచ్చామో తెలుస్తోంది.

మూడేళ్ళ తర్వాత ఆ అన్నాచెల్లెళ్ళు సోమర్సెట్ తీరానికి దగ్గర్లో ఉన్న ఆల్ఫాక్స్‌డెన్‌లో ఇల్లు తీసుకున్నారు. కోల్‌రిడ్జ్ పక్క ఊళ్ళోనే ఉండేవాడు. ముగ్గురూ వేళాపాళా లేకుండా కొండలూ ఏటిగట్లూ పట్టుకు తిరుగుతుంటే ఊరివాళ్ళకి అనుమానం వచ్చింది. ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తున్న రోజులు. ప్రభుత్వం నిజంగానే ఒక మనిషిని పంపి వాకబు చేయించింది. పనిలేకుండా తిరిగేవాళ్ళు గూఢచారులై ఉండాలి, లేకపోతే ఎందుకు తిరుగుతారు? అదే ఏడాది నవంబరు 13న, మబ్బు పట్టిన సాయంత్రం పూట ముగ్గురూ తీరం వెంబడి నడక మొదలుపెట్టారు. దారి ఖర్చు రాబట్టుకోవడానికి కలిసి ఒక కవిత రాసి అమ్ముదామనుకున్నారు. అలా మొదలైందే కోల్‌రిడ్జ్ 'ఏన్షియెంట్ మారినర్'. ఆ చీకటి, ఆ చలి, ఆ దారి మగవాళ్ళిద్దరి విషయంలో కవిత్వం అనే పని కిందకి చేరాయి. డొరతీ నడక మాత్రం నడకగానే మిగిలిపోయింది. ఆల్ఫాక్స్‌డెన్‌లో ఆమె రాసుకున్న దినచర్య ఆమె బతికుండగా పుస్తకంగా రాలేదు.

షార్లెట్ బ్రాంటీ మొదటిసారి సముద్రం చూసింది 1839లో, ఇరవై మూడేళ్ళప్పుడు. స్నేహితురాలు ఎలెన్ నస్సీతో కలిసి కొన్నాళ్ళు బ్రిడ్లింగ్టన్ వెళ్దామనుకుంది. అదీ రెండు రోజుల్లో తేలిన విషయం కాదు. ఇంట్లో ఒప్పుకోవాలి, బండి దొరకాలి, వారాలు గడిచాయి. తీరా బయల్దేరితే, ఇద్దరు ఆడపిల్లలు ఒంటరిగా సముద్రపు ఒడ్డున గది తీసుకోవడం బాగుండదని తెలిసినవాళ్ళు మధ్యలోనే కలుసుకుని లోపల పల్లెలో ఉన్న తమ ఇంటికి తీసుకెళ్ళారు. అక్కణ్ణుంచి నడిచి వెళ్ళి ఆమె సముద్రాన్ని చూసింది. కళ్ళనీళ్ళ పర్యంతమై, కాసేపు తనని ఒంటరిగా వదిలెయ్యమని అడిగిందట. ఒడ్డున సొంతంగా గది తీసుకుని ఉండడానికి వాళ్ళకి చివరికి దొరికింది దాదాపు ఒక వారం. ఆతిథ్యం కూడా కాపలాయే అని తెలిసినవాళ్ళకి ఈ కథలో కొత్తదనం ఏమీ ఉండదు. పదేళ్ళ తర్వాత ఇదే తీరంలో, స్కార్బరోలో, చెల్లెలు ఆన్‌ని సమాధి చేసి ఆమె ఇంటికి వెళ్ళింది. నేను స్కార్బరో ఎందుకు వెళ్ళానని సహోద్యోగులు అడిగితే ఆన్ బ్రాంటీ సమాధి చూడటానికని చెప్పాను. నిజానికి అది రెండో రోజు మధ్యాహ్నం, వాన కాస్త తెరిపిచ్చాక గుర్తొచ్చిన పని. అమ్మకి చెప్పగలిగిన 'పనేమీ లేదు' విశ్వవిద్యాలయంలో చెప్పలేకపోయాను.

ఇక వాతావరణం సంగతి. ఎండాకాలంలో సముద్రపు ఒడ్డు ఒక రంగస్థలం. అక్కడ ఆడదాని శరీరాన్ని చూస్తారు, ఆమెకీ చూడబడుతున్నానని తెలుసు. ముసురులో అది పోతుంది. తలమీది టోపీ నుంచి మోకాళ్ళ కింది దాకా వానకోటు కప్పుకుని ముక్కు కారుతూ నడిచే మనిషి ఆడో మగో పది గజాల దూరం నుంచి తెలియదు. ఒంటి రంగు కూడా దగ్గరికొస్తే గానీ తెలియదు. జుట్టు ఎలా ఉందో, నడక ఎలా ఉందో పట్టించుకునే తీరిక నాకూ ఉండదు, ఎదుటివాళ్ళకీ ఉండదు. హైదరాబాదులో రోడ్డుమీద నడిచేటప్పుడు నా ఒంట్లో ఒక భాగం ఎప్పుడూ వెనక్కి తిరిగి చూస్తూ ఉంటుంది. ఆ భాగానికి సెలవు దొరికిందని నాకు తెలిసింది విట్బీలో, ఒక ఫిబ్రవరి సాయంత్రం. చూడ్డానికి ఏమీ లేదు. ఫొటో తీస్తే బూడిదరంగు తప్ప ఏమీ రాదు. నడకలోంచి ఇంటికి తీసుకెళ్ళడానికి ఏ దృశ్యమూ దక్కలేదు. ఏమీ దక్కకపోవడమే బాగుంది.

అలాగని నిర్మానుష్యమైన దారి అందరికీ ఒకే రకమైన స్వేచ్ఛ ఇస్తుందనుకోకూడదు. గయానాలో పుట్టి బ్రిటన్‌లో పెరిగిన ఫొటోగ్రాఫర్ ఇంగ్రిడ్ పొలార్డ్ 1980ల చివర్లో 'పాస్టొరల్ ఇంటర్‌ల్యూడ్' అని ఒక ఫొటోల వరస చేసింది. ఇంగ్లండు పల్లెప్రాంతంలో, రాతిగోడల పక్కన, ముళ్ళకంచెల దగ్గర ఒక నల్లజాతి స్త్రీ ఒక్కతే ఉంటుంది. కింద రాసిన మాటల నిండా ఆమెకి అక్కడ కలిగే గుబులు. నల్లవాళ్ళంటే నగరంలో ఉండేవాళ్ళనే నమ్మకం ఎంత గట్టిదో ఆ బొమ్మలు చూస్తే అర్థమవుతుంది. చట్టం వేరే విషయం. 2009లో చేసిన చట్టం ఇంగ్లండు తీరం పొడవునా కాలిబాట ఉండాలంది. వేల్స్ తీరమంతా చుట్టివచ్చే 870 మైళ్ళ బాట 2012లో తెరిచారు. స్కాట్లండులో నేలమీద నడిచే హక్కు 2003 నుంచీ చట్టంలో ఉంది. బాట నాది కూడా అని చట్టం అంటుంది. ఎదురుపడ్డ మనిషి నవ్వుతూ హలో చెప్పి, ఆగి, "దారి తప్పలేదు కదా?" అని అడుగుతాడు. మంచితనంతోనే అడుగుతాడు. అదే బాటమీద ముందు వెళ్ళిన తెల్లావిణ్ణి అడిగి ఉండడని నాకనిపిస్తుంది.

ఇంతవరకూ రాసింది ఆనందం పక్షాన. దీనికి అవతలి పక్షం విట్బీ, స్కార్బరో రేవుల్లోనే దొరికింది. ఆ తీరం నిండా హెరింగ్ చేపల ఆడవాళ్ళ పాత ఫొటోలు ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దపు చివర్నుంచి రెండో ప్రపంచయుద్ధం దాకా స్కాట్లండు దీవులనుంచీ, ఈశాన్య తీరపు పల్లెలనుంచీ వేలమంది ఆడవాళ్ళు చేపల పడవల్ని అనుసరిస్తూ షెట్లాండ్‌లోని లెర్విక్ మొదలుకుని దక్షిణాన గ్రేట్ యార్మత్ దాకా ఊరూరూ దిగుతూ వచ్చేవాళ్ళు. ముగ్గురు ఒక జట్టు. ఇద్దరు చేప కడుపు చీల్చి పేగులు తీస్తే, మూడో ఆమె ఉప్పు చల్లుతూ పీపాలో పేర్చేది. కూలి పీపా లెక్కన ముగ్గురికీ కలిపి. చాలాచోట్ల పని ఆరుబయటే, గాలిలో, వానలో, చేపనెత్తురు కలిసిన బురదలో. కత్తి గాట్లలోకి ఉప్పు దిగకుండా వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకునేవాళ్ళు. 1936లో యార్మత్‌లో కూలి పెంచమని సమ్మె కూడా చేశారు. నాకు ఆ ఫొటోల్లో నచ్చింది, నచ్చి బాధపెట్టింది ఒకటుంది. పని లేని పూట నలుగురైదుగురు చేతులు కలుపుకుని రేవు వెంట షికారు వెళ్తుంటారు. వాళ్ళ చేతుల్లో అల్లిక సూదులుంటాయి. నడుస్తూ అల్లుతుంటారు. కాళ్ళకి సెలవు దొరికినా చేతులకి దొరకలేదు.

దక్షిణ తీరంలో లైమ్ రీజిస్‌కి నేను వెళ్ళలేదు, మేరీ ఆనింగ్ గురించి చదవడమే. వడ్రంగి కూతురు, 1799లో పుట్టింది. శిలాజాలు ఏరి అమ్ముకుని బతికింది. చలికాలపు తుఫానులకి కొండచరియలు విరిగిపడితేనే కొత్త శిలాజాలు బయటపడతాయి, మళ్ళీ అల కొట్టుకుపోయేలోపు వాటిని తియ్యాలి. అంటే ఆమెకి చెడ్డ వాతావరణమే పనివేళ. 1833లో ఆమె పక్కనే చరియ విరిగిపడి పెంపుడు కుక్క చచ్చిపోయింది. ఆమె మళ్ళీ అదే కొండకిందికి వెళ్ళింది. ఆమె తీసిన ఎముకలమీద పెద్దమనుషులు పత్రాలు రాశారు. లండన్ జియలాజికల్ సొసైటీ స్త్రీలని ఫెలోలుగా తీసుకున్నది 1919లో. అప్పటికి ఆమె పోయి డెబ్భై రెండేళ్ళు.

సెలవు అనే మాట కూడా సాఫీగా లేదు. పారిశ్రామిక పట్టణాల కార్మికులు ఏడాదికి ఒక వారం సముద్రానికి వెళ్ళడం పంతొమ్మిదో శతాబ్దంలోనే అలవాటైంది. 1938లో వేతనంతో సెలవుల చట్టం వచ్చింది. ఈ సెలవులు నిలబడింది ఇళ్ళల్లో గదులు అద్దెకిచ్చే ఆడవాళ్ళ మీద. జాన్ వాల్టన్ అనే చరిత్రకారుడు 1978లో బ్లాక్‌పూల్ లాండ్‌లేడీ మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఒకప్పుడు అతిథులు తమ సరుకులు తామే కొనితెచ్చిస్తే ఆవిడ వండిపెట్టేది, బల్లమీద పెట్టిన ఉప్పూ మిరియాలకి విడిగా డబ్బులు తీసుకునేదని పేరు. పొద్దున ఫలహారం అయ్యాక అందర్నీ బయటికి పంపి భోజనం వేళదాకా లోపలికి రానిచ్చేది కాదు. బయట వాన. పిల్లల్నేసుకుని తల్లులు ఒడ్డున రేకుల షెడ్లలో కూర్చునేవాళ్ళు, లేకపోతే నడిచేవాళ్ళు. బ్రిటిష్‌వాళ్ళు వానలో ఒడ్డున తిరగడానికి ప్రకృతి ప్రేమ ఎంత కారణమో ఈ తాళం వేసిన తలుపు కూడా అంత కారణమని నా అనుమానం. హాస్యపు పోస్టుకార్డులు ఈ లాండ్‌లేడీని గయ్యాళిగా గీసి దశాబ్దాలపాటు నవ్వుకున్నాయి. ఇరవై పక్కలు దులిపి, నేల తుడిచి, మళ్ళీ ఇరవైమందికి వండాల్సిన మనిషికి ఆ నాలుగు గంటలు ఇల్లు ఖాళీగా ఉండాలని ఆ బొమ్మలు గీసినవాళ్ళకి తోచలేదు.

పడమటి తీరంలో మోర్‌కంబ్ అఖాతం ఉంది. నీళ్ళు తీసినప్పుడు కనుచూపు మేర ఇసుక. పోటు తిరిగినప్పుడు నీళ్ళు ముందునుంచి రావు, వెనక ఉన్న కాలువల్లోంచి చుట్టుముడతాయి. ఊబులు స్థానం మారుతుంటాయి. ఈ ఇసుకమీద దారి చూపించడానికి పదహారో శతాబ్దం నుంచీ రాచరికం నియమించే మార్గదర్శి ఉన్నాడు. 1963 నుంచి 2019 దాకా ఆ పని చేసిన సెడ్రిక్ రాబిన్సన్ వెంట వేలమంది సరదాకి, చందాల కోసం అఖాతం దాటారు. వాతావరణం బాగాలేకపోతే ఆయన ఆ రోజు నడక రద్దు చేసేవాడు.

2004 ఫిబ్రవరి 5 రాత్రి అదే ఇసుకమీద కాకిల్స్ అనే గుల్లలు ఏరుతున్న చైనా కూలీలు కనీసం 21 మంది పోటులో మునిగి చచ్చిపోయారు. ఎక్కువమంది ఫుజియాన్ రాష్ట్రంవాళ్ళు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. కాగితాలు లేకుండా, అప్పులు చేసి వచ్చినవాళ్ళు. చలి, చీకటి, గాలి. వాళ్ళని తెచ్చినవాడికి 2006లో శిక్ష పడింది. ఈ చావుల తర్వాతే 2004లో కూలీల ముఠాదారులకి లైసెన్సు ఉండాలనే చట్టం వచ్చింది.

నేను మోర్‌కంబ్ వెళ్ళింది కూడా ఫిబ్రవరిలోనే. ఒడ్డున గోడ పట్టుకుని అరగంట నిలబడ్డాను. నాకు 1996 నవంబరు తుఫాను లీలగా గుర్తుంది. కోనసీమలో అమ్మమ్మ ఊళ్ళో కొబ్బరిచెట్లు పడిపోయి, రోడ్డు లేకుండాపోయి, వేటకి వెళ్ళినవాళ్ళ కోసం ఆడవాళ్ళు రోజుల తరబడి ఒడ్డున కూర్చున్నారని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. మా అమ్మ "వానలు కదా" అనడంలో అదంతా ఉంది. అటువంటి నేలనుంచి వచ్చిన దాన్ని, గాలికోసం డబ్బిచ్చి టికెట్టు కొనుక్కుని ఈ ఒడ్డుకి రావడమేమిటి? ఇతరుల ఆపదని నేను వినోదంగా అనుభవిస్తున్నానా? సులువైన జవాబు అవునని. అపరాధభావం మధ్యతరగతి స్త్రీలకి బాగా అలవాటైన వస్త్రం, వెంటనే ఒంటికి అతుకుతుంది. కానీ నేను ఇంట్లో కూర్చున్నంత మాత్రాన ఎవరూ తడవకుండా ఉండరు. నాకూ వాళ్ళకీ తేడా తడవడంలో లేదు. ఇద్దరం ఒకే గాలిలో ఉన్నాం. నాకు భయమేసిన చోట వెనక్కి తిరగొచ్చు, తిరిగినందుకు నేను పోగొట్టుకునేది ఏమీ లేదు. వాళ్ళు వెనక్కి తిరిగితే ఆ రాత్రి కూలి పోతుంది, అప్పు పెరుగుతుంది, తీసుకొచ్చినవాడు ఊరుకోడు. పైగా తిరగాల్సిన వేళ ఎప్పుడో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. మార్గదర్శి వెంట దాటినవాళ్ళు కొనుక్కున్నది దారి ఒక్కటే కాదు, ఈ రోజు వద్దులెండి అని చెప్పే మనిషిని కూడా.

ఇక్కడ నాకు పైన వదిలేసిన మాట గుర్తొచ్చింది. మన ఇళ్ళల్లో బయల్దేరే ఆడదానికి చెప్పే మాటేమిటి? "గడప దాటావో, మళ్ళీ ఈ ఇంటి మొహం చూడకు." వెళ్ళొద్దని కాదు దాని అర్థం. వెళ్తే వెనక్కి దారి లేదని. అత్తింటికి పంపేటప్పుడు పుట్టింటివాళ్ళు వేరే మాటల్లో చెప్పేదీ అదే. కులం కాదని పెళ్ళి చేసుకున్నవాళ్ళకి కత్తితో చెప్పేదీ అదే. ఆడదాని స్వేచ్ఛకి పితృస్వామ్యం పెట్టిన ధర వెళ్ళడంలో లేదు, రావడంలో ఉంది. తిరిగొచ్చే వీలున్న మగవాడు ప్రయాణికుడు. ఆ వీలు లేని ఆడది లేచిపోయింది.

ఇబ్బందేమిటంటే మనం కూడా, విమర్శకులుగా, ఈ లెక్కనే ఒప్పుకున్నాం. 1879 నాటి ఇబ్సెన్ నాటకంలో నోరా తలుపు వేసుకుని వెళ్ళిపోయిన చప్పుడు మన చెవుల్లో ఇంకా ఉంది. వెళ్ళిపోయిన నాయికలకి మార్కులు వేశాం. ఇంటికి తిరిగొచ్చిన నాయిక కనబడితే 'రాజీ' అని రాసి, రచయిత్రి పరిమితి అని ఒక వాక్యం జోడించాం. తరగతి గదుల్లో ఇప్పటికీ ఇలాగే చదువుతున్నాం. తిరిగొచ్చిన ప్రతి ఆడదీ ఓడిపోయి వచ్చిందేనా? కొందరు ఓడిపోయే వస్తారు, నిజమే, ఇల్లు వాళ్ళని నంజుకుతింటుంది. కానీ వెనక్కి తిరగడానికి వీల్లేని ధైర్యాన్నే ధైర్యమని పిలిస్తే, గడప దగ్గర నిలబడి శపించే తండ్రి పెట్టిన షరతునే మనం గెలుపుకి కొలమానం చేసుకున్నట్టు. ఒక ఆడపిల్ల వెళ్ళి, కొంతదూరం నడిచి, గాలి ఎక్కువగా ఉందని చూసుకుని, వచ్చి, అన్నం తిని, ఇంకో రోజు మళ్ళీ వెళ్ళగలగాలి. ఇందులో కథకి కావలసిన ముగింపు లేదు. అందుకే కథల్లో తక్కువ కనబడుతుందేమో.

దీన్ని నేను మార్చినెలలో కాస్త కష్టపడి నేర్చుకున్నాను. రాబిన్ హుడ్స్ బే అనే ఊరినుంచి విట్బీకి కొండ అంచున ఏడు మైళ్ళ దారి ఉంది. నార్త్ చీక్ అనే కొండముక్కు దాటేసరికి గాలి నన్ను పక్కకి నెట్టడం మొదలుపెట్టింది. ఆ తీరం మెత్తటి మట్టి, ఏటేటా కొంత సముద్రంలో పడిపోతుంది, ఒకచోట పాత బాట గాలిలోకి వెళ్ళి ఆగిపోయి ఉంది. అటునుంచి వస్తున్న పెద్దవాళ్ళిద్దరు "వచ్చేశావు, ఇంకెంతో లేదు" అన్నారు ఉత్సాహపరుస్తూ. ఇంకా ఐదు మైళ్ళుంది. ఒక రాయి చాటున కూర్చుని ఆలోచించాను. ఇంత దూరం, ఇంత దేశం దాటి వచ్చి, ఒక్కదాన్నే వచ్చి, సగంలో వెనక్కా అని నాలోంచే ఎవరో అడుగుతున్నారు. ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత లేచి వెనక్కి నడిచాను.

పదకొండింటికి గదికి చేరితే గది లేదు. అంటే ఇంకా శుభ్రం చేయలేదు. ఆ ఇంటావిడ, అరవై దగ్గర పడ్డ మనిషి, మెట్లమీద దుప్పట్ల మూటతో ఎదురైంది. చరిత్రలో చదివిన లాండ్‌లేడీలా నన్ను బయటికి పంపుతుందేమో అనుకున్నాను. నా అవతారం చూసి వంటింట్లోకి రమ్మని స్టవ్ పక్కన కుర్చీ వేసి టీ ఇచ్చింది. ఎక్కడిదాకా వెళ్ళానని అడిగింది, చెప్పాను. ఆ ఇంట్లో పంతొమ్మిదేళ్ళుగా గదులద్దెకిస్తోందట. ఆ దారి చలికాలంలో ఎలా ఉంటుందో తనకి తెలియదంది. అతిథులు చెప్తే వినడమే. శని ఆదివారాల్లో ఇల్లు నిండుతుంది, సోమవారం ఉతుకుడు, మిగతా రోజుల్లో మరమ్మతులు. నాలాంటివాళ్ళు వస్తేనే చలికాలం గడుస్తుందని కూడా అంది. మేం తెచ్చే బురద గురించి కూడా అంది, నవ్వుతూనే.

దుప్పట్లు మార్చడానికి సాయం చేస్తానన్నాను. డబ్బిచ్చావు కదా అంది. ఆ మాట కటువుగా అనలేదు గానీ, లేచినదాన్ని మళ్ళీ కూర్చున్నాను.

జనవరిలో మూడువారాలు మూసేస్తుందట. అప్పుడు ఎక్కడికి వెళ్తారని అడిగాను. స్పెయిన్ అంటుందనుకున్నాను, లేకపోతే కనీసం ఆ కొండదారి అంటుందని.

"ఎక్కడికీ వెళ్ళను. మధ్యాహ్నం దాకా పడుకుంటాను" అంది.

బూట్లలో కుక్కితే తడి లాగుతుందని పాత న్యూస్‌పేపర్లు తెచ్చిచ్చింది. నా గది ఆఖర్న చేస్తానని, ఇంకో గంట పడుతుందని చెప్పి దుప్పట్లు తీసుకుని మేడమీదికి వెళ్ళింది. పైన మంచాలు జరుపుతున్న చప్పుడు వింటూ కాగితాలు ఉండలు చుట్టి బూట్లలో కుక్కుతూ కూర్చున్నాను.